‘అలా నడిచొస్తా’నని వెళ్లింది!

అరవై ఏడేళ్ల వయసు. పదకొండుమంది పిల్లలు, ఇరవై ముగ్గురు మనవలు, మనవరాళ్లు. భుజాన చేత్తో కుట్టుకున్న సంచి, కాళ్లకు కాన్వాసు బూట్లు. అంతమాత్రం సరంజామాతో అమెరికాలో రెండు వేల మైళ్ల కొండదారిని ఒంటరిగా నడిచేసింది ఎమ్మా గేట్‌వుడ్. ఆ దారిలో ఇప్పుడు ఎనభై దాటినవాళ్లూ నడుస్తున్నారు. పెద్ద వయసులో పెద్ద దారి పట్టినవాళ్ల కథ ఇది.

1955 మే 3న జార్జియా రాష్ట్రంలోని ఓగల్‌థార్ప్ కొండ మీద నుంచి ఒక పెద్దావిడ ఉత్తర దిక్కుగా బయల్దేరింది. ఒహాయోలో ఉన్న పిల్లలకు చెప్పింది ఒక్కటే మాట, అలా నడిచొస్తానని. ఎంత దూరమో చెప్పలేదు. ఎన్నాళ్లకు వస్తుందో చెప్పలేదు. పిల్లలంతా పెద్దవాళ్లయి ఎవరి సంసారాల్లో వాళ్లున్నారు. గుచ్చి గుచ్చి అడిగినవాళ్లు లేరు. అమ్మ నడుస్తున్నది జార్జియా నుంచి మెయిన్ దాకా కొండల మీదుగా సాగే అపలాచియన్ ట్రయల్ అని వాళ్లకు తెలిసేసరికి ఆవిడ వందల మైళ్లు దాటేసింది.

డెనిమ్ గుడ్డతో తనే కుట్టుకున్న సంచి ఆవిడ సామాను మొత్తాన్నీ మోసింది. అందులో ఒక దుప్పటి, ఒక వానకోటు, వానపడితే కప్పుకోవడానికీ నేల తడిగా ఉంటే పరుచుకోవడానికీ స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర ఒకటి. తిండికి వియన్నా సాసేజ్ డబ్బాలు, ఎండుద్రాక్ష, వేరుశనగలు, పాలపొడి, వేణ్నీళ్లలో కలుపుకుని తాగే సూప్ బిళ్లలు. దెబ్బలకు అయోడిన్, బ్యాండ్ ఎయిడ్‌లు, నొప్పులకు విక్స్. ఓ చిన్న కత్తి, టార్చిలైటు, రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడానికి చిన్న నోటుబుక్కు. ఊళ్లోకి వెళ్లాల్సివస్తే వేసుకోవడానికి ఒక మంచి గౌను. టెంట్ లేదు. స్లీపింగ్ బ్యాగ్ లేదు. మ్యాపు కూడా లేదు. మొత్తం బరువు తొమ్మిది కిలోలు దాటకుండా చూసుకుంది.

వీపు మీద బరువు ఎంత తగ్గితే అంత దూరం నడవగలమని ఇవాళ్టి ‘అల్ట్రాలైట్’ హైకర్లు లెక్కలు కట్టి మరీ చెబుతారు. వాళ్లలో చాలామంది తమ పద్ధతికి మూలపుటమ్మగా తలుచుకునేది గేట్‌వుడ్ బామ్మనే. ఆవిడ ఏ లెక్కా కట్టలేదు. పల్లెటూరి ఇల్లాలిగా ఉన్నదాంతో సరిపెట్టుకోవడం ఆవిడకు ఎప్పుడో అలవాటైంది.

ఏడుపు ఎవరికీ వినిపించని చోటు

ఎమ్మా 1887 అక్టోబర్ 25న ఒహాయోలోని గాలియా కౌంటీలో పుట్టింది. పదిహేనుమంది సంతానంలో ఒకరు. తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో కాలు పోగొట్టుకున్న సైనికుడు. ఎనిమిదో తరగతితో బడి చదువు ఆగిపోయింది కానీ చదివే అలవాటు మాత్రం ఆగలేదు. దొరికిన పుస్తకమల్లా చదివేది. కవితలు రాసుకునేది.

పంతొమ్మిదేళ్లకు పెళ్లయింది. భర్త చదువుకున్నవాడు, పంతులుగా పనిచేసినవాడు. పెళ్లయిన కొన్ని నెలలకే చేయి చేసుకోవడం మొదలుపెట్టాడు. పదకొండు కాన్పులు, పొలం పని, ఇంటి చాకిరి, వాటి మధ్యలో దెబ్బలు. ప్రాణం పోయేంతగా కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఇక తట్టుకోలేనప్పుడు ఆవిడ పారిపోయింది ఇంటి చుట్టుపక్కల అడవిలోకే. ఏ మొక్క ఆకు తినవచ్చో, ఏ వేరు మందుకు పనికొస్తుందో, చీకటి పడకముందు ఎటు తిరిగితే ఇల్లు చేరుతామో అక్కడే నేర్చుకుంది.

విడాకులు తీసుకోవడం ఆడదానికి తలవంపులుగా చూసే రోజుల్లో, ముప్పై మూడేళ్ల కాపురం తర్వాత 1941లో కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుంది. ఇంకా ఎదగాల్సిన పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. చివరి బిడ్డ కూడా ఇల్లు దాటాక, అరవై దాటిన వయసులో, తన రోజు మీద తనకే హక్కు ఉండటమంటే ఏమిటో మొదటిసారి ఆవిడకు తెలిసింది. ఆ కథ తెలిస్తేనే ఆవిడ నడక అర్థమవుతుంది. పత్రికలవాళ్లు ఎందుకు నడుస్తున్నారని అడిగినప్పుడల్లా ఆవిడ తేలిగ్గా ఏదో ఒక జవాబు చెప్పి పంపేసింది. సరదాగా ఉంటుందనుకున్నానంది ఒకరితో. నడవాలనిపించిందని ఇంకొకరితో. దెబ్బల గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆవిడ డైరీలు, ఉత్తరాలు చదివి, కుటుంబ సభ్యులతో మాట్లాడి జర్నలిస్టు బెన్ మాంట్‌గోమరీ 2014లో పుస్తకం రాసేదాకా ఆ సంగతి బయటి లోకానికి పెద్దగా తెలియదు.

మొదటిసారి వెనక్కి

1949 నాటి నేషనల్ జియోగ్రాఫిక్ సంచిక ఒకటి ఆవిడ కంటపడింది. అందులో అపలాచియన్ ట్రయల్ గురించి పెద్ద వ్యాసం, రంగుల ఫొటోలు. మామూలు ఆరోగ్యం ఉన్న ఎవరైనా నడవగలిగే దారి అన్నట్టుగా ఉంది ఆ రాత. అప్పటిదాకా ఏ ఆడమనిషీ ఒంటరిగా ఆ దారి మొత్తం ఒకే విడతలో నడవలేదు. 1952లో మిల్‌డ్రెడ్ నార్మన్ అనే ఆవిడ ఒకే ఏడాదిలో పూర్తిచేశారు గానీ ఆమెకు తోడు ఉంది.

1954 వేసవిలో, అరవై ఆరో ఏట, ఎమ్మా ఎవరికీ చెప్పకుండా ఉత్తరపు కొసన ఉన్న మెయిన్ రాష్ట్రానికి వెళ్లింది. కటాడిన్ కొండ దగ్గర మొదలుపెట్టి దక్షిణానికి రావాలన్నది ఆలోచన. మెయిన్ అడవుల్లో మొదటి వంద మైళ్లు ఈ దారి మొత్తంలో అత్యంత నిర్మానుష్యమైనవి. కొద్ది రోజులకే దారి తప్పింది. కళ్లద్దాలు పగిలాయి. తిండి అయిపోయింది. వెతుక్కుంటూ వచ్చిన అటవీ సిబ్బంది, ఇక ఇంటికి వెళ్లిపొమ్మని నచ్చజెప్పారు. ఆవిడ ఇంటికి వెళ్లిపోయింది. ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడాది వసంతంలో దక్షిణపు కొస నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కఠినమైన మెయిన్ చివర వస్తుంది. అప్పటికి కాళ్లు రాటుదేలి ఉంటాయి.

నూట నలభై ఆరు రోజులు

పత్రికలో చదివిన దారి వేరు, కాళ్ల కింద ఉన్న దారి వేరు. చెట్లు కూలి అడ్డంగా పడి ఉన్నాయి. దారి చూపించడానికి చెట్ల మీద వేసిన తెల్ల గుర్తులు చాలాచోట్ల చెరిగిపోయాయి. రాత్రి తలదాచుకోవచ్చని చెప్పిన షెల్టర్లు కొన్ని కాలిపోయాయి, కొన్ని కూలిపోయాయి. కొన్నిచోట్ల కలుపు మనిషి మెడదాకా పెరిగింది.

షెల్టర్ దొరికిన రాత్రి షెల్టర్‌లో పడుకుంది. దొరకని రాత్రి ఎండుటాకులు పోగేసి వాటి మీద, లేదంటే పార్కుల్లోని భోజనపు బల్లల మీద. చలి ఎక్కువైతే బల్లపరుపు రాళ్లను నిప్పుల్లో వేడిచేసి వాటి మీద పడుకునేది. తిండి తగ్గితే అడవి పళ్లు, తినదగిన ఆకుకూరలు కోసుకునేది. దగ్గర్లో ఇల్లు కనిపిస్తే తలుపు తట్టేది. కొందరు భోజనం పెట్టి మంచమిచ్చారు. ఇంకొందరు మొహం మీదే తలుపేశారు. అడవిలోంచి ఒంటరిగా నడిచొచ్చిన ముసలావిణ్ణి చూసి ఏమనుకోవాలో వాళ్లకు తెలియలేదు.

జూన్ నెలలో వర్జీనియాలోని ఒక పత్రిక ఆవిడ గురించి వార్త వేసింది. అక్కణ్నుంచి ఊరూరా విలేకరులు ఎదురొచ్చారు. ఆగస్టులో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ రాసింది. ‘గ్రాండ్‌మా గేట్‌వుడ్’ అనే పేరు దేశమంతా పాకింది. ముందు ముందు ఊళ్లలో జనం కాచుకుని ఉండి పలకరించడం, ఇంటికి పిలవడం మొదలైంది.

సరిగ్గా ఆ ఆగస్టులోనే కోనీ, డయాన్ అనే రెండు తుపాన్లు వారం తిరక్కుండానే ఒకదాని వెంట ఒకటి తీరం దాటాయి. ఈశాన్య రాష్ట్రాల్లో నదులు గట్లు తెంచుకున్నాయి. వెర్మాంట్‌లో పొంగి పొర్లుతున్న ఏటి దగ్గర ఆవిడ ఆగిపోయింది. అదే దారిలో వస్తున్న ఇద్దరు కుర్రాళ్లు, నౌకాదళంలో పనిచేసినవాళ్లు, ఆవిణ్ణి తమ మధ్యలో నిలబెట్టి ముగ్గురికీ కలిపి తాడు కట్టారు. ఆ తాడు పట్టుకునే ఏరు దాటింది. సాయం అడగడానికి గానీ అందుకోవడానికి గానీ ఆవిడ సిగ్గుపడలేదు. నడక తనది, అందులో ఇంకొకరి చేయి పట్టుకున్నంత మాత్రాన అది తనది కాకుండా పోదని ఆవిడకు తెలుసు.

వైట్ మౌంటెన్స్‌లో చలిగాలులు. మెయిన్‌లో జారుడు రాళ్లు. బూట్లు అరిగి చిరిగి మారుస్తూ వచ్చింది. మోకాలు నొప్పి. కళ్లద్దాలు మళ్లీ పగిలాయి. సరిగా ఆనని చూపుతో, రాయి రాయీ తడుముకుంటూ చివరి కొండ ఎక్కింది. 1955 సెప్టెంబర్ 25న, బయల్దేరిన 146వ రోజున, కటాడిన్ కొండ మీద బాక్స్‌టర్ శిఖరం చేరింది. అక్కడి రిజిస్టర్‌లో సంతకం చేసింది. ‘అమెరికా ది బ్యూటిఫుల్’ పాటలో మొదటి చరణం పాడింది. చేస్తానన్నాను, చేసేశానని చెప్పుకుంది.

ఇంత కష్టమని ముందే తెలిసి ఉంటే అసలు మొదలుపెట్టేదాన్నే కాదని, మొదలుపెట్టాక మాత్రం వదిలేసే ప్రశ్నే లేదని ఆవిడ తర్వాత పత్రికలవాళ్లతో అంది. ఈ రెండు ముక్కల్లో మొదటిదాన్ని మనం తరచూ వదిలేస్తాం. కష్టం కష్టమేనని ఒప్పుకుంది ఆవిడ. ఒప్పుకుని నడిచింది.

దారిని బాగుచేసిన ఫిర్యాదు

ఈ దారి ఒక అటవీ అధికారి ఆలోచన. 1921లో బెంటన్ మెకాయ్ ఒక పత్రికలో రాసిన వ్యాసంతో మొదలైంది. నగరాల్లో పనిచేసే జనం కొండల్లో ఊపిరి పీల్చుకోవడానికి తూర్పు రాష్ట్రాల పొడవునా ఒక కాలిబాట ఉండాలన్నాడాయన. 1925లో దానికోసం ఒక సంస్థ ఏర్పడింది. వలంటీర్లు చెట్లు కొట్టి, రాళ్లు పేర్చి, గుర్తులు వేసి 1937కల్లా జార్జియా నుంచి మెయిన్ దాకా కలిపేశారు. ఆ వెంటనే న్యూ ఇంగ్లండ్‌ను పెద్ద తుపాను తాకింది. తర్వాత రెండో ప్రపంచయుద్ధం. బాగుచేసే చేతులు కరవై దారి పాడుబడింది. ఒకే విడతలో మొత్తం నడిచినట్టు మొదట నమోదైనది 1948లో, ఎర్ల్ షేఫర్ అనే మాజీ సైనికుడు. గేట్‌వుడ్ వెళ్లేనాటికి అలా నడిచినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మందే.

అలాంటి దారి గురించి గేట్‌వుడ్ దాపరికం లేకుండా మాట్లాడింది. పత్రికలో రాసినట్టు లేదు, పీడకలలా ఉందంది. షెల్టర్లు సరిగా లేవంది, గుర్తులు లేవంది. టీవీ కార్యక్రమాల్లోనూ కనిపించింది. అరవై ఏడేళ్ల ఆవిడ చెప్పిన ఈ మాటలు నిర్వహణ చూసే క్లబ్బులకు గుచ్చుకున్నాయి. దారి మరమ్మతులు ఊపందుకున్నాయి. నడవాలన్న ఆసక్తి జనంలోనూ పెరిగింది. 1968లో అమెరికా ప్రభుత్వం జాతీయ ట్రయల్స్ చట్టం తెచ్చి, అపలాచియన్ ట్రయల్‌కు, పశ్చిమాన ఉన్న పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్‌కు జాతీయ హోదా ఇచ్చింది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. 1957లో రెండోసారి అదే దారి నడిచింది. 1959లో, డెబ్బై ఒకటో ఏట, మిస్సోరి నుంచి ఒరెగాన్ దాకా పాత వలస బండ్ల బాటలో సుమారు రెండు వేల మైళ్లు నడిచింది. అపలాచియన్ ట్రయల్‌ను ముక్కలు ముక్కలుగా నడుస్తూ 1964లో మూడోసారి పూర్తిచేసింది. మూడుసార్లు నడిచిన మొదటి మనిషి ఆవిడే. సొంత రాష్ట్రంలో బకై ట్రయల్ వేయడంలోనూ పాలుపంచుకుంది. 1973లో, ఎనభై అయిదేళ్ల వయసులో కన్నుమూసింది.

దారి వివరాలు

• పొడవు సుమారు 2,190 మైళ్లు, అంటే 3,500 కిలోమీటర్ల పైచిలుకు. దారి మళ్లింపుల వల్ల ఏటా కొంచెం మారుతుంది.
• 14 రాష్ట్రాల మీదుగా వెళ్తుంది. నాలుగోవంతు వర్జీనియాలోనే.
• 1958 నుంచి దక్షిణపు కొస స్ప్రింగర్ కొండ, జార్జియా. ఉత్తరపు కొస కటాడిన్, మెయిన్.
• అత్యంత ఎత్తయిన చోటు 6,643 అడుగుల కువోహి శిఖరం. అత్యంత పల్లం న్యూయార్క్‌లో బేర్ మౌంటెన్ దగ్గర, 124 అడుగులు.
• దారి పొడవునా చెట్ల మీద, రాళ్ల మీద రెండు అంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు ఉన్న తెల్ల రంగు గుర్తులుంటాయి.
• ఒకే విడతలో నడిచేవాళ్లకు అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది. మొదలుపెట్టిన నలుగురిలో సుమారు ఒకరే పూర్తిచేస్తారు.

ఎనభై దాటిన కాళ్లు

ఎర్ల్ షేఫర్ పసిఫిక్ యుద్ధం నుంచి తిరిగొచ్చాక, సైన్యాన్ని మనసులోంచి వదిలించుకోవడానికి నడిచానన్నారు. ఈ దారి కలిసి నడుద్దామనుకున్న చిన్ననాటి స్నేహితుడు ఆ యుద్ధంలోనే చనిపోయాడు. తొలి నడకకు యాభై ఏళ్లు నిండిన 1998లో షేఫర్ మళ్లీ బయల్దేరారు. అప్పటికి వయసు 79. దారిని రోడ్లకు దూరంగా జరిపి కొత్త కొండల మీదకు ఎక్కించడంతో పాత రోజులకంటే కష్టమైందని ఆయన అన్నారు. అయినా పూర్తిచేశారు.

2004లో లీ బ్యారీ ఎనభై ఒకటో ఏట పూర్తిచేసి, అప్పటికి అందరికంటే పెద్ద వయస్కుడయ్యారు. 2017లో డేల్ శాండర్స్ 82 ఏళ్లకు ఆ రికార్డు దాటారు. ‘గ్రే బియర్డ్’ ఆయనకు దారిలో వచ్చిన పేరు. అంతకు రెండేళ్ల ముందు, ఎనభయ్యో ఏట మిసిసిపీ నదిని మొదలు నుంచి సముద్రం దాకా తెడ్డు వేసుకుంటూ దాటిన మనిషి ఆయన. 2021 నవంబర్‌లో మసాచుసెట్స్‌లోని డాల్టన్ ఊళ్లో ఇంకో పెద్దాయన తన నడక ముగించారు. ఎం.జె. ఎబర్‌హార్ట్, వయసు 83. ఒకప్పుడు కళ్ల వైద్యుడు. ‘నింబుల్‌విల్ నోమాడ్’ అనే పేరుతో హైకర్లందరికీ తెలిసినవాడు. రికార్డు పోగొట్టుకున్న శాండర్స్ ఆ రోజు డాల్టన్ వచ్చి ఎబర్‌హార్ట్‌ను అభినందించారు. పోటీ అనే మాటకు ఈ దారి మీద అర్థం వేరు.

ఎబర్‌హార్ట్ చివరి మెట్టు కటాడిన్ మీద కాకుండా మసాచుసెట్స్‌లో ఎందుకు పడింది? వాతావరణం చూసుకుని, చలి ముదరకముందే ఉత్తరపు కొండలు పూర్తిచేసి, మిగిలిన భాగాన్ని తర్వాత నడిచారు కాబట్టి. శాండర్స్ కూడా అంతే, ఆయన నడక దారి మధ్యలో ఉన్న హార్పర్స్ ఫెర్రీలో ముగిసింది. దారి వరసను పట్టుకు వేలాడకుండా ఒంటికి వీలైన వరసలో నడవడం పెద్దవాళ్లు బాగా వంటపట్టించుకున్న విద్య.

దారి ఏం అడుగుతుంది?

ఇక్కడే నాకు గట్టిగా అనిపించే మాట ఒకటుంది. పొడవైన దారి మనిషిని అడిగేవి పెద్ద వయసు దగ్గర పుష్కలంగా ఉంటాయి. పొద్దున్నే లేవడం. కొంచెంతో సర్దుకోవడం. వానలో తడిసినా, నిద్ర చాలకపోయినా చిరాకు పడకుండా రోజు గడపడం. ముక్కూమొహం తెలియనివాళ్లను పలకరించి మాట కలపడం. ఇవాళ కాకపోతే రేపు చేరతాంలే అనుకోగలగడం. ఇరవై అయిదేళ్ల కుర్రాడు రోజుకు పాతిక మైళ్లు నడిచి నెల తిరిగేలోగా కాలి ఎముకలో పగులు తెచ్చుకుని ఇంటికి పోతే, డెబ్బై ఏళ్ల మనిషి రోజుకు ఎనిమిది, పది మైళ్లతో మొదలుపెట్టి దారి చివరిదాకా వెళ్లడం ఇక్కడ వింత కాదు.

అలాగని ఒళ్లు పెట్టే షరతులను దాటవేయకూడదు. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తరుగుతూ వస్తుందని, అరవై దాటాక అది ఇంకా జోరందుకుంటుందని వైద్యులు చెబుతారు. కాబట్టి నడక ఒక్కటే సరిపోదు, కాళ్లకు, నడుముకు బలమిచ్చే వ్యాయామాలు నెలల ముందు నుంచే చేయాలి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్లు. ఈ రెండో దాన్నే చాలామంది తక్కువ అంచనా వేస్తారు. రెండు చేతుల్లో రెండు హైకింగ్ కర్రలుంటే దిగుడులో మోకాళ్ల మీద భారం తగ్గుతుంది, తడి రాళ్ల మీద తూలడం ఆగుతుంది. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా లెక్కగా నీళ్లు తాగాలి. బీపీకి, షుగర్‌కు మందులు వాడేవాళ్లు వాటిని నడకకు తగ్గట్టు ఎలా సర్దుకోవాలో బయల్దేరకముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. ఈశాన్య రాష్ట్రాల గడ్డిలో ఉండే ఒకరకం పిడుదులు కుడితే లైమ్ జబ్బు వస్తుంది, రోజూ సాయంత్రం ఒళ్లంతా వెతుక్కోవడం తప్పనిసరి.

దారిలో నడిచేవాళ్లు తమలో తాము ఏర్పరచుకున్న పద్ధతులు కూడా పెద్దవాళ్లకు అనువైనవే. ఒక్క అడుగూ నడవకుండా ఊళ్లో విశ్రాంతి తీసుకునే రోజును ‘జీరో డే’ అంటారు. మొత్తం ఒకేసారి నడవలేనివాళ్లు ఏడాదికి కొంత చొప్పున నడిచే ‘సెక్షన్ హైకర్లు’ అవుతారు. వాళ్లలో ఇరవై ఏళ్లు తీసుకుని పూర్తిచేసినవాళ్లున్నారు, వాళ్లకూ అదే గుర్తింపు. రోడ్డు దాటేచోట పళ్లు, చల్లటి పానీయాలు పెట్టుకుని హైకర్ల కోసం ఎదురుచూసే స్థానికులున్నారు. వాళ్లను ‘ట్రయల్ ఏంజెల్స్’ అంటారు. వాళ్లలోనూ చాలామంది రిటైరైనవాళ్లే. మెయిన్‌లో కెనెబెక్ నదిని కాళ్లతో దాటడం ప్రాణాంతకం, పైనున్న ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే ఉన్నట్టుండి మట్టం పెరుగుతుంది. అందుకని అక్కడ పడవే అధికారిక దారి. ఆ పడవ అడుగున తెల్ల గుర్తు వేసి ఉంటుంది. ఎంత మొనగాడైనా అక్కడ తెడ్డు పట్టుకున్న ఇంకో మనిషి మీద ఆధారపడాల్సిందే.

మనవాళ్ల ఇళ్లకు కూతవేటులో

ఈ దారికీ తెలుగువాళ్లకూ దూరం తక్కువ. అట్లాంటాలో ఉన్నవాళ్లకు స్ప్రింగర్ కొండ రెండు గంటల ప్రయాణం. ఉత్తర వర్జీనియాలో ఉన్నవాళ్లకు షెనాండోవా నేషనల్ పార్కులో వంద మైళ్ల అపలాచియన్ ట్రయల్ ఉంది. పక్కనే సాగే స్కైలైన్ డ్రైవ్ రోడ్డు దాన్ని పదే పదే దాటుతుంది కాబట్టి ఒకచోట దిగి రెండు మైళ్లు నడిచి ఇంకోచోట కారెక్కవచ్చు. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు పొచక్ వాగు దగ్గర చిత్తడి నేల మీద చెక్క వంతెనలా పరిచిన చదునైన బాట ఉంది. ఎక్కడం, దిగడం కష్టమైనవాళ్లు కూడా అక్కడ ఈ దారి మీద అడుగుపెట్టవచ్చు.

పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద ఆరు నెలలకని వెళ్లే అమ్మానాన్నల సంగతి మనకు తెలిసిందే. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవలు బడికి. కారు నడపడం రాదు, వీధిలో మనిషి కనిపించడు. మొదటి నెల ఉత్సాహం, రెండో నెల నుంచి తిరుగు టికెట్టు తేదీ లెక్క. శని, ఆదివారాల్లో మాల్‌కు బదులు ఆ పెద్దవాళ్లను ఈ దారి మీదకు తీసుకెళ్లండి. పట్టు ఉన్న బూట్లు కొనిపెట్టండి. విజిటర్ ఇన్సూరెన్స్ ఏ జబ్బులకు వర్తిస్తుందో ముందే చదువుకోండి. ఎలుగుబంట్లున్న అడవిలో తిండి ఎలా దాచాలో, ఎదురైతే పరుగెత్తకుండా ఎలా నెమ్మదిగా వెనక్కి తగ్గాలో చెప్పండి. మొదటిరోజు ఒక మైలు చాలు.

నిజానికి మన పెద్దవాళ్లకు నడక కొత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరే డెబ్బై ఏళ్ల అమ్మమ్మలను మనం రోజూ చూస్తాం. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్లు ఉత్త కాళ్లతో తిరిగే తాతయ్యలున్నారు. అరుణాచలం చుట్టూ 14 కిలోమీటర్లు తిరగడానికి పౌర్ణమి పౌర్ణమికీ మన ఊళ్ల నుంచి బస్సులు వెళ్తాయి. మొక్కు ఉందంటే ఇంట్లో ఎవరూ వద్దనరు. మోకాళ్ల నొప్పులు గుర్తుచేయరు. అదే అమ్మమ్మ, ఊరికే కొండలు చూడాలనుంది, నాలుగు రోజులు నడిచొస్తానంటే మాత్రం ‘ఈ వయసులో ఎందుకమ్మా’ అంటాం. దేవుడికోసం నడిస్తే లేని భయం తనకోసం నడుస్తానంటే మనకు ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ కాళ్లు అవే. ఆ మెట్లు ఎక్కిన గుండే అది.

గేట్‌వుడ్ ‘ఈ వయసులో ఎందుకు’ అన్న ప్రశ్న ఎదురుకాకుండానే బయటపడింది. అందుకు ఆవిడ తన నడక సంగతి దాచిపెట్టాల్సి వచ్చింది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఆ అవసరం రాకూడదు. నడుస్తానన్న పెద్దవాళ్లను డాక్టర్‌కు చూపించి రండి. బలం తెచ్చుకునే వ్యాయామాలు చేయించండి. మొదటి నడకలో పక్కన ఉండండి, తోటి నడకవాళ్లను వెతికిపెట్టండి, రోజుకు ఎన్ని గంటలకు ఫోన్ చేయాలో మాట తీసుకోండి. మందులు, నీళ్లు, వానకోటు సంచిలో ఉన్నాయో లేదో చూడండి. అంతటితో మన పని అయిపోయింది. ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఏ రోజు వెనక్కి రావాలి అన్నవి వాళ్లు తేల్చుకోవాల్సిన సంగతులు. అరవై, డెబ్బై ఏళ్లు ఇంటిల్లిపాది కోసం నడిచినవాళ్లకు అంతమాత్రం హక్కు ఉంది, దాన్ని మనం సంతోషంగా ఒప్పుకోవాలి.